గంటస్తంభం దగ్గర పాత కొట్టులో కొన్న గ్రీకు కథల పుస్తకం

విజయనగరంలో గంటస్తంభం దాటాక సందులో ఉన్న పాత పుస్తకాల కొట్టులో మావాడి కోసం గ్రీకు పురాణ కథల పుస్తకం కొన్నాను, తెలుగుదే, 60 రూపాయలు. అట్ట ఊడింది సరే, మధ్యలో నాలుగు పేజీలు లేవని ఇంటికెళ్లాక గానీ తెలీలేదు. మీరు కొంటే అక్కడే తిరగేసి చూసుకోండి.

బొమ్మలు బాగున్నాయి. ఒంటికన్ను రాక్షసుడు పాలిఫెమస్ మావాడికి తెగ నచ్చేశాడు. నా గొడవంతా అక్కడే. పుస్తకంలో వాడు మనుషుల్ని తింటాడు, ట్రాయ్ యుద్ధం నుంచి ఇంటికి పోతూ వాడి గుహలో చిక్కుకున్న గ్రీకు వీరుడు ఒడిస్సియస్ వాడి కన్ను పొడుస్తాడు, కథ కంచికి. ఈ కథ చెప్పిన గ్రీకు ఆదికవి హోమర్ చెప్పింది అంతేనా? ఒడిస్సియస్ ముందు జ్యూస్ పేరెత్తి, మేం మీ గడపలోకొచ్చిన అతిథులం, ఆదరించండి అని వేడుకుంటాడు, ఎందుకంటే గ్రీకులకి పిడుగులు కురిపించే ఆ జ్యూసే అతిథుల్ని కాచే దేవుడు కూడా. రాక్షసుడు జ్యూస్ నాకో లెక్కా అని ఒడిస్సియస్ మనుషుల్లో ఇద్దరిని అక్కడికక్కడే నమిలేస్తాడు. తర్వాత ఒడిస్సియస్‌తో నిన్ను ఆఖర్న తింటాను, నీకు నేనిచ్చే అతిథి కానుక అదే అంటాడు! ఆ వెటకారం ఎంత పెద్ద తప్పో ఆనాటి శ్రోతలకి విడమర్చి చెప్పక్కర్లేదు. పైగా వాడు వాళ్లని చూడగానే ఎవర్రా మీరు అని అడుగుతాడు. అదే కథలో ఒడిస్సియస్‌కి ఆశ్రయమిచ్చిన ఫయేషియన్లనే జనం రాజు అల్కినోస్ అయితే భోజనం పెట్టి, పాటలు వినిపించి, అన్నీ అయ్యాకే పేరు అడుగుతాడు. మా అమ్మమ్మదీ ఇదే పద్ధతి, కాళ్లు కడుక్కోడానికి నీళ్లిచ్చాకే ఏ ఊరని అడిగేది.

ట్రాయ్ యుద్ధాన్నయితే ఉత్త ప్రేమకథ చేసేశారు. గ్రీకు రాజు మెనెలాస్ ఇంట్లో అతిథిగా తిని, ట్రాయ్ యువరాజు పారిస్ అతని భార్యనే తీసుకుపోవడం గ్రీకుల లెక్కలో తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం, ఆ ముక్క ఒక్క వాక్యంలోనైనా రాయొచ్చుగా.

గ్రీకులేదో గొప్పవాళ్లని నేను అనట్లేదు. ఇల్లు చేరాక ఒడిస్సియస్ ఇంట్లో పన్నెండు మంది దాసీల్ని ఉరితీస్తారు, ఆ కథలోనే. అతిథికి ఉన్న మర్యాద దాసీకి లేదు. అది పుస్తకంలో లేదు, పిల్లలకి కదా, అది ఒప్పుకుంటాను.

పేజీలు పోయాయని చెప్తే కొట్టాయన "ఏటి బాబూ, ముందే చూసుకోవాలి గదా" అని గొణిగినా 20 రూపాయలు వెనక్కిచ్చాడు. కొట్టుకి నాలుగు స్టార్లు, పుస్తకానికి రెండు. మధ్యాహ్నం మూసేస్తాడు, సాయంత్రం వెళ్లండి.