ఏడు గళ్ళ ఆలోచనల షీటు: అచ్చుది కొనడం కన్నా గీసుకోవడమే మేలు

మనసులో గింగిరాలు కొట్టే మాటను కాగితం మీద పెట్టి, అందులో నిజమెంతో తేల్చుకునే సాధనం ఇది. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960ల్లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన, ఆలోచనలను పరీక్షించి సరిచేసుకునే చికిత్స (కాగ్నిటివ్ థెరపీ) నుంచి పుట్టింది. నెట్‌లో ప్రింట్ తీసుకునే షీట్లు, అట్ట వేసి అమ్మే ప్యాడ్లు, ఫోన్ యాప్‌లు మూడూ దొరుకుతున్నాయి. అనంతపురంలో ఎవరైనా ఏది కొనాలని అడిగితే జవాబు ఒకటే: ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి స్కేలుతో గీయండి, జిరాక్సు అంగట్లో 20 కాపీలు తీయించుకోండి.

ఇది డబ్బు మిగుల్చుకోవడానికి కాదు, గళ్ళ వెడల్పు కోసం. అచ్చు షీట్లలో చాలావాటికి ఏడు గళ్ళూ సమానంగా, ఒక్కోటి 4 సెంటీమీటర్లే ఉంటాయి. తెలుగు చేతిరాతకు అది చాలదు. రుజువుల గడిలో రెండు ముక్కలు రాయగానే చోటు అయిపోతుంది, చెయ్యి ఆగిపోతుంది. షీటు పనిచేసేదే ఆ గడిలో. కాబట్టి ఎడమ నుంచి ఇట్లా గీయండి: జరిగింది 4, భావం 2, ఆలోచన 5, దాన్ని బలపరిచే రుజువులు 5, కాదనే రుజువులు 5, సరిచూసిన మాట 4.5, మళ్ళీ భావం 2 సెంటీమీటర్లు.

మొదటి గడిలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. "చిన్నాన్న నన్ను అవమానించినాడు" అనేది జరిగింది కాదు, అది అప్పటికే తీర్పు. సీసీ కెమెరాకు ఏం కనబడుతుందో అదే రాయాలి: "ఆదివారం పెళ్ళిలో, భోజనాల దగ్గర, చిన్నాన్న ఎదురొచ్చి పలకరించకుండా పోయినాడు." భావం గడిలో ఒక్క మాట, పక్కన 0 నుంచి 100 లోపు ఒక అంకె: బాధ, 80.

ఇక్కడ తెలుగుకే ఉన్న చిక్కు ఒకటుంది, ఇంగ్లీషు షీట్లు దాన్ని పట్టించుకోవు. మనం "నాకెవరూ లేరనిపించింది" అంటాం. "అనిపించింది" అనగానే అదొక భావమని పొరబడి రెండో గడిలో రాసేస్తాం. అది ఆలోచన. "అనిపించింది" తీసేస్తే మిగిలేది "నాకెవరూ లేరు". దానికి రుజువు అడగొచ్చు. బాధకు, భయానికి రుజువు అడగలేం. మూడో గడిలో ఇంకో చిక్కు ప్రశ్నలతో వస్తుంది. "నా బతుకెందుకిట్లయింది?" అన్న ప్రశ్నను పరీక్షించలేం. దాని కింద దాగిన మాటను బయటికి లాగి "నేను దేనికీ పనికిరాను" అని రాస్తేనే తరువాతి గడి కదులుతుంది.

పెళ్ళి షీటునే చివరిదాకా నింపితే ఇట్లా ఉంటుంది. ఆలోచన: ఉద్యోగం రాలేదని నన్ను లోకువ కట్టినాడు. బలపరిచేవి: పలకరించలేదు, ఉగాదికి "ఇంకా కోచింగేనా" అన్నాడు. కాదనేవి: చేతిలో సాంబారు బకెట్టుంది, ఆ బంతి వడ్డన ఆయనదే, కోచింగు ఫీజుకు డబ్బు పంపింది ఆయనే. సరిచూసిన మాట: "నా ఉద్యోగం మీద ఆయనకు అసంతృప్తి ఉండొచ్చు, కానీ ఆదివారం పలకరించకపోవడానికి అదే కారణమని చెప్పలేను." బాధ ఇప్పుడు 45. ఇది మంచి ఫలితం. సున్నాకు దిగాలని చూసేవాళ్ళు ఆరో గడిలో "అంతా మంచికే" లాంటి మాట రాస్తారు. దాన్ని రాసినవాళ్ళే నమ్మరు, అంకె కదలదు.

ప్యాడ్ల వెనక సాధారణంగా ఆలోచన ఎట్లెట్లా వంకర పోతుందో చెప్పే పేర్ల పట్టీ ఒకటి ఉంటుంది: ఎదుటివాడి మనసు చదివేయడం, జోస్యం చెప్పడం, ఒక్క దెబ్బతో "ఎప్పుడూ ఇంతే" అనడం, మనిషికి ముద్ర వేయడం లాంటివి. అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ బర్న్స్ 1980లో ప్రచారంలోకి తెచ్చిన పది రకాలే అటూ ఇటూగా తిరుగుతుంటాయి. పనికొస్తాయి, కానీ యాప్‌లు దీన్నే ముందు పెట్టి టిక్ కొట్టమంటాయి. ఒకే ఆలోచన ఈ పేర్లలో మూడింటికి సరిపోవచ్చు. మూడూ కొట్టి ఫోన్ పక్కన పెడితే రుజువుల పని మిగిలిపోతుంది. పేరు చివర్లో పెట్టుకోండి, పెట్టకపోయినా నష్టం లేదు.

అనంతపురం జిల్లాలో ఇంకో జాగ్రత్త కావాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, శెనక్కాయ రైతు "ఈసారి పంట చేతికి రాకపోవచ్చు" అంటే అది వంకర ఆలోచన కాదు, అంచనా. దాన్ని ఏడు గళ్ళలో పెట్టి వాదించడం ఆ మనిషిని చిన్నబుచ్చడమే. దాని వెంబడి వచ్చే "నేను చేతకానోణ్ణి" అన్న మాట మాత్రం షీటుకు తగినది. "అప్పు కిస్తీ వచ్చే నెలలో కట్టలేను" అన్నది నిజమైతే వేరే కాగితం తీసి, ఎవరిని కలవాలి, ఎంత గడువు అడగాలి అని రాయాలి. నింపినాక కూడా అంకె దిగకపోతే ముందు ఇదే చూడండి: ఆలోచన నిజమా, లేక అసలు కుట్టే ఆలోచన వేరే ఉందా?

భావం 90 దాటి ఉన్నప్పుడు రాయొద్దు. కాస్త తగ్గినాక, అదే రోజు రాయండి. రోజుకు ఒక షీటు, 20 నిమిషాలు. అనుమానాలు పదే పదే తిరిగే జబ్బు (ఓసీడీ) ఉన్నవాళ్ళకు షీటే ఇంకో తంతు అయిపోతుంది, వాళ్ళు డాక్టరు సలహాతోనే వాడాలి. రెండు వారాలుగా నిద్ర, ఆకలి పోయినవాళ్ళు ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవాలి. చావు ఆలోచనలు వస్తుంటే మాత్రం కాగితం పక్కన పెట్టి వెంటనే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ అది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్యాడ్ మీద ఇంకో ఫిర్యాదు. అట్ట మీద "మానసిక ఆరోగ్యం" అని పెద్దక్షరాలుంటే ఉమ్మడి ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారు? జిరాక్సు షీట్లయితే కరెంటు బిల్లుల ఫైలులో ఇమిడిపోతాయి.