తార్నాక నుంచి బుక్ ఫెయిర్‌కి సైకిళ్ల మీద: వెళ్లిన దారి ఒకటి, రాత్రి తిరిగొచ్చిన దారి ఇంకొకటి

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. హైదరాబాద్‌లో ఇందిరా పార్క్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ పెడితే ఆటోలోనో మెట్రోలోనో వెళ్లొస్తుంటాం, ఈసారి మాత్రం "అమ్మా, సైకిళ్ల మీద వెళ్దాం, మహా అయితే ఏడు కిలోమీటర్లు, అంతేగా" అని పట్టుబట్టింది. దూరం సంగతి నిజమే. నేను రోజూ పొద్దున ఐదున్నరకి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో పది కిలోమీటర్లు తొక్కుతాను, అది నాతోపాటు ఆదివారాలు వస్తుంది. కానీ పొద్దున ఖాళీ రోడ్డు మీద తొక్కడం వేరు, సాయంత్రం ఆరింటికి పిల్లని వెంటబెట్టుకుని ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు వెళ్లడం వేరు, రాత్రి తొమ్మిదింటికి తిరిగి రావడం ఇంకా వేరు. మా ఆయన వద్దనలేదు గానీ ఒకటే అన్నారు, "వెళ్లేదాని గురించి కాదు, వచ్చేదాని గురించి ఆలోచించు" అని. ఆ మాట దగ్గరే నాకు అసలు పని మొదలైంది.

ముందు ఫోన్‌లో మ్యాప్ చూశాను. టూ వీలర్ అని పెడితే వీఎస్‌టీ సిగరెట్ ఫ్యాక్టరీ దగ్గర స్టీల్ బ్రిడ్జి ఎక్కి ఇందిరా పార్క్ దగ్గర దిగమంటోంది. 2023 ఆగస్టులో మొదలైన నాయిని నర్సింహారెడ్డి గారి పేరున్న బ్రిడ్జి అది, రెండుంపావు కిలోమీటర్లు, బండికి బ్రహ్మాండమైన దారి. సైకిల్‌కి మాత్రం కాదు. కింద మెట్రో లైన్ పోతుంటే దాని మీదుగా దాటుతుంది ఆ బ్రిడ్జి, అంటే ఎంత ఎత్తుకి ఎక్కాలో చూడండి, ఎక్కేటప్పుడు మనం గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల స్పీడులో ఉంటాం, వెనకనుంచి వచ్చేవాళ్లు సిగ్నల్ లేదు కదా అని అరవైలో వస్తారు, పక్కకి తప్పుకుందామంటే గోడ. పెద్దవాళ్లకైనా సరే నేను చెప్పను.

అందుకని ఒక ఆదివారం పొద్దున ఒక్కదాన్నే మూడు దారులూ తొక్కి చూశాను. మూడూ బాగానే అనిపించాయి! అదే తప్పు. మళ్లీ గురువారం సాయంత్రం సరిగ్గా మేము వెళ్లాల్సిన టైముకి వెళ్తే మూడూ వేరే రోడ్ల లాగా ఉన్నాయి. మీరెవరైనా ఇలాంటిది ప్లాన్ చేస్తుంటే దయచేసి ఆదివారం పొద్దున చూసి నిర్ణయం తీసుకోకండి, ఏ టైముకి వెళ్తారో ఆ టైముకే, పని దినం రోజే ఒకసారి చూసుకోండి.

మొదటి దారి మెట్టుగూడ, చిలకలగూడ, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్. లైట్లుంటాయి, జనం ఉంటారు, దారి తప్పే పని లేదు. కానీ ఇబ్బంది అంతా ఎడమ పక్కనే. సైకిల్ వాళ్లం ఎడమ అంచున పోతామా, సిటీ బస్సు మనల్ని దాటి స్టాప్ కోసం అదే అంచుకి వస్తుంది, షేర్ ఆటో మనిషి చెయ్యెత్తగానే ఉన్నచోట ఆగుతుంది, వాటిని తప్పించుకుని కుడికి జరిగితే వెనక ఏముందో తెలీదు. మెట్రో స్టేషన్ల కింద మెట్లు, పార్కింగ్ వల్ల రోడ్డు ఇంకా ఇరుకవుతుంది. ఆ గురువారం ముషీరాబాద్ దాటేలోపు నేను నాలుగుసార్లు కాలు కింద పెట్టి ఆగిపోయాను. పిల్లతో అస్సలు వద్దు అనుకున్నా.

ఇంకో దారి క్యాంపస్ లోంచి అడిక్‌మెట్ ఫ్లైఓవర్ మీదుగా విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పుర, నారాయణగూడ, హిమాయత్‌నగర్, దోమలగూడ, రామకృష్ణ మఠం పక్కనుంచి ఇందిరా పార్క్. చుట్టు తిరుగుడు. బర్కత్‌పుర ముక్క నాకు చాలా ఇష్టం, ఇంకా కొన్ని పాత ఇళ్లు, చెట్లు ఉన్నాయి. నల్లకుంటలో ఫీవర్ హాస్పిటల్ చుట్టుపక్కల మాత్రం పార్క్ చేసిన కార్ల వరసే వరస, ఎవరు ఎప్పుడు డోర్ తీస్తారో తెలీదు, కారుకి మూడడుగుల దూరం వదిలి వెళ్దామంటే రోడ్డు మధ్యకి వచ్చేస్తాం. హిమాయత్‌నగర్‌లోనూ అదే కథ. అలవాటున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే పర్లేదు.

చివరికి వెళ్లడానికి ఖాయం చేసుకున్నది మూడోది. తార్నాక గేటు నుంచి క్యాంపస్, ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి అడిక్‌మెట్ ఫ్లైఓవర్, దిగాక అడిక్‌మెట్ గల్లీలు, రామ్‌నగర్, బాగ్‌లింగంపల్లి, మెయిన్ రోడ్డు దాటి అశోక్‌నగర్ లోపలి వీధులు, అంతే, ఇందిరా పార్క్. ఇందులో సగానికి సగం గల్లీలే, ఎవరూ ఇరవై దాటి పోలేరు. నా లెక్క అదే, ఎంత వెడల్పు రోడ్డు అన్నది కాదు, పక్కన పోయే బండి ఎంత స్పీడులో పోతోంది అన్నదే చూసుకోవాలి. గల్లీలో గుద్దుకుంటే మోచెయ్యి గీరుకుంటుంది, పెద్ద రోడ్డు మీద అలా కాదు కదా.

వెళ్లింది శనివారం. డిసెంబర్‌లో మనకి ఐదూ ముప్పావుకే పొద్దు వాలిపోతుంది కాబట్టి నాలుగున్నరకే బయల్దేరాం, వెళ్లేటప్పుడన్నా పూర్తి వెలుతురులో ఉండాలని. క్యాంపస్‌లో ఆ టైముకి వాకింగ్ వాళ్లు, క్రికెట్ ఆడేవాళ్లు, టీ బండ్ల దగ్గర స్టూడెంట్లు, చెట్ల కింద చల్లటి గాలి. 1939లో మొదలైన ఆర్ట్స్ కాలేజీ బిల్డింగు మీద సాయంత్రం ఎండ పడితే ఆ గులాబీ రంగు రాయి ఇంకో రంగులోకి పోతుంది, మా అమ్మాయి అక్కడ ఆగి ఫోటోలు తీసుకుంది, నేనూ తొందరపెట్టలేదు. ఫ్లైఓవర్ ఒక్కటే ఈ దారిలో స్పీడు బండ్లుండే చోటు. అమ్మాయిని ముందు పెట్టి నేను వెనక, కొంచెం కుడికి జరిగి తొక్కాను, వెనకనుంచి వచ్చేవాళ్లకి ముందు నేను కనబడాలని. పిల్లలతో వెళ్లేవాళ్లు చాలామంది తాము ముందుండి దారి చూపిస్తారు, గల్లీల్లో అది సరే, పెద్ద రోడ్డు మీద మాత్రం పిల్ల ఎప్పుడూ ముందే ఉండాలి, మన కళ్లెదురుగా.

రామ్‌నగర్‌లో చూసుకోవాల్సింది డ్రైనేజీ జాలీలు. కొన్నిచోట్ల ఆ ఇనప కమ్మీలు మనం పోయే దిక్కులోనే పొడుగ్గా ఉంటాయి, సన్న టైరు సరిగ్గా అందులో దిగబడుతుంది. మా అమ్మాయిది లావు టైర్ల సైకిల్ కాబట్టి బతికిపోయాం, నాది సన్నవి, నేను ప్రతి జాలీ దగ్గరా చుట్టూ తిరిగి పోయాను. రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు కూడా, పగలు కనిపిస్తాయి, రాత్రి లైటు వేస్తేగానీ కనబడవు.

బాగ్‌లింగంపల్లి నుంచి అశోక్‌నగర్‌కి పోవాలంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ - చిక్కడపల్లి మెయిన్ రోడ్డు దాటక తప్పదు. సైకిల్ దిగి, నడిచి, జనంతోపాటు దాటాం. అంతే. రెండు నిమిషాలు పోతాయి, పోనీయండి. సైకిల్ మీద ఉన్నంతసేపూ మనం బండి, దిగి నడిపిస్తే పాదచారి, ఎక్కడ ఏది లాభమో అది అవ్వచ్చు అని మా అమ్మాయికి చెప్పాను, దానికి అది బాగా పట్టింది, తర్వాత ఇంకో రెండుచోట్ల తనే దిగింది.

అశోక్‌నగర్ గురించి చెప్పాలి. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే పిల్లలతో రాత్రి పదింటిదాకా కళకళలాడుతుంటుంది, సెంట్రల్ లైబ్రరీ దగ్గర, పుస్తకాల షాపులు, జిరాక్స్ సెంటర్లు, టిఫిన్ బండ్లు. ఆడవాళ్లకి సాయంత్రం దారి అంటే ట్రాఫిక్ ఒక్కటే చూస్తే సరిపోదు, తెరిచి ఉన్న షాపు ఎంత దూరంలో ఉందన్నది కూడా చూసుకోవాలి. ఆ లెక్కన ఈ వీధులకి నేను పదికి పది ఇస్తాను.

ఐదున్నరకి చేరిపోయాం. సైకిల్ ఎక్కడ పెట్టాలి అన్నది నాకు పెద్ద భయం, ఎందుకంటే అంతకుముందు ఒక కచేరీకి వెళ్లినప్పుడు ఆ హాలు దగ్గర సెక్యూరిటీ వాళ్లు సైకిళ్లకి చోటు లేదు అని బయట రోడ్డు మీద పెట్టించారు, కచేరీ అంతా నా మనసు బయటే ఉంది. ఇక్కడ బైకుల పార్కింగ్‌లో ఉన్న అబ్బాయి తనంతట తనే "మూలకి పెట్టుకోండి మేడం, అక్కడైతే ఎవరూ తీయరు" అన్నాడు. రెండు సైకిళ్లూ కలిపి కంచెకి తాళం వేశాం. లైట్లు, హెల్మెట్లు వెంట తీసుకెళ్లండి, లైటు ఊడదీయడానికి అరనిమిషం చాలు.

టికెట్ పది రూపాయలు. లోపల సంగతి ఎక్కువ రాయను. మా అమ్మాయి పిల్లల పుస్తకాలు వేసే 'మంచి పుస్తకం' వాళ్ల స్టాల్ దగ్గరే ముప్పావు గంట కూర్చుంది, వాళ్లుండేది మా తార్నాకలోనే, అయినా అక్కడికెళ్లి కొనాల్సిందే దానికి. మిర్చి బజ్జీ తిన్నాం, టీ తాగాను. మొత్తం పుస్తకాలు ఆరు కిలోలు ఉంటాయేమో, అది సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుంటానంది, తగిలించి పది అడుగులు నడిపితే హ్యాండిల్ ఒక పక్కకి లాగేస్తోంది, మోకాలికి కొట్టుకుంటోంది. అన్నీ తీసి నా క్యారియర్ మీద పెట్టి పాత ట్యూబు ముక్కతో కట్టేశాను. ట్యూబు ముక్క పంక్చర్ షాపులో ఊరికే ఇస్తారు, అంత గట్టి తాడు ఇంకోటి లేదు, కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో పనిచేసినన్నాళ్లూ మా నాన్నగారు టిఫిన్ క్యారేజీ దాంతోనే కట్టుకుని వెళ్లేవారు. చున్నీ మాత్రం బ్యాగులో పెట్టేయాలి, చైన్‌లోకి పోతే మనిషి పడిపోవడమే.

ఇప్పుడు తిరుగు దారి. తొమ్మిదిదాకా ఉండకుండా ఎనిమిదింపావుకే బయటపడ్డాం. క్యాంపస్ మీదుగా వెళ్లలేదు. సాయంత్రం అంత హాయిగా ఉన్న రోడ్డే, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత కొన్ని ముక్కల్లో చెట్ల నీడకి లైటు కూడా సరిగా పడదు, మనుషులు పల్చబడతారు, ఏదైనా పంక్చర్ అయితే పిలవడానికి ఎవరూ ఉండరు. పైగా అవి యూనివర్సిటీ రోడ్లు, గేటు మూసి ఉంటే వెనక్కి తిరగడమే. నేను ఒక్కదాన్నైనా ఆ టైముకి వెళ్లను, పిల్లతో అసలే వెళ్లను. అందుకని బాగ్‌లింగంపల్లి, రామ్‌నగర్ దాకా వచ్చిన దారే, అక్కడి నుంచి పార్శిగుట్ట, వారాసిగూడ, సీతాఫల్‌మండి మీదుగా మెట్టుగూడ - తార్నాక రోడ్డెక్కాం. ఇరుకు, గతుకులు, కొంచెం ఎగుడు దిగుడు. కానీ కిరాణా షాపులు, చికెన్ షాపులు, మెడికల్ షాపులు, అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లు, ఎక్కడా పది ఇళ్లు దాటేలోపు లైటు లేకుండా లేదు. సాయంత్రమైతే ఆ దారి నాకు నచ్చేది కాదు, రాత్రి అదే నచ్చింది.

ఒకచోట మూడు కుక్కలు వెంటపడ్డాయి. మా అమ్మాయి జోరుగా తొక్కబోయింది, ఆపు ఆపు అని అరిచాను. తొక్కేకొద్దీ తరుముతాయి. ఇద్దరం దిగి, సైకిళ్లు మాకూ వాటికీ మధ్యలో పెట్టుకుని, వాటి కళ్లలోకి చూడకుండా మెల్లిగా నడుచుకుంటూ పోయాం, ఓ ముప్పై అడుగులు వచ్చి ఆగిపోయాయి. నాకూ గుండె దడదడలాడింది, అమ్మాయికి చెప్పలేదు అప్పుడు.

చివరి రెండు కిలోమీటర్లు మెట్టుగూడ నుంచి తార్నాక, మెట్రో పిల్లర్ల పక్కన పెద్ద రోడ్డు, తొమ్మిదవుతోంది కాబట్టి బస్సులు తగ్గాయి, వెలుతురు బాగుంది, మళ్లీ అమ్మాయి ముందు, నేను వెనక. వెనక ఎర్ర లైటు ఇద్దరికీ ఉంది, పెడల్స్‌కి, హెల్మెట్లకి మెరిసే టేపు కూడా అంటించాను, రెండు జతల లైట్లకీ తొమ్మిది వందలయింది. ముందు లైటు బ్లింక్ చేయకుండా నిలకడగా పెట్టుకోండి, బ్లింక్ అయితే ఎదుటివాళ్లకి మనం ఎంత దూరంలో ఉన్నామో అంచనా దొరకదు, మనకి గుంట కూడా కనబడదు.

ఇంకొక్క మాట. కోకాపేట వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లు, మేమూ వెళ్లాం, నిజంగా బాగుంది, ఎండ తగలదు, పిల్లలకి భయం లేదు. కానీ మా ఇంటి నుంచి సైకిళ్లు కారులో వేసుకుని అంత దూరం వెళ్లి, తొక్కి, మళ్లీ కారులో వేసుకుని రావాలి. లైబ్రరీకో, సభకో, పుస్తకాల పండక్కో పోవడానికి పిల్లకి అక్కరకొచ్చేది రామ్‌నగర్ గల్లీలో అడ్డంగా తిప్పి బిగించిన జాలీ, అడిక్‌మెట్ ఫ్లైఓవర్ మీద ఒక మీటరు వెడల్పున గీసిన గీత, స్టేడియం గేటు దగ్గర పది సైకిళ్లకి ఒక ఇనప స్టాండు. వీటికి ఎంత ఖర్చవుతుంది? వార్డు ఆఫీసులో జాలీల గురించి అర్జీ రాసి ఇచ్చాను, ఏయే ఇళ్ల ముందు ఉన్నాయో ఫోటోలతో సహా.

ఇంటికొచ్చేసరికి తొమ్మిదీ పది. మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మా అమ్మాయి హెల్మెట్ తియ్యకుండానే సంచీ విప్పుకుని కూర్చుంది, తర్వాత త్యాగరాయ గానసభకి కూడా ఇలాగే వెళ్దాం, అదీ అటువైపేగా అంటోంది. చిక్కడపల్లి లోపలి వీధులు వచ్చే గురువారం సాయంత్రం ఆరింటికి తొక్కి చూడాలి.