హెర్మనస్ తిమింగలాల పండుగ: ఎక్కడ దిగాలి, ఎక్కడ నిలబడి చూడాలి

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, వాకర్ బే అనే అఖాతాన్ని ఆనుకుని హెర్మనస్ అనే చిన్న ఊరు ఉంది. ఏటా జూన్ మొదలుకొని నవంబరు వరకు సదరన్ రైట్ జాతి తిమింగలాలు అంటార్కిటికా వైపు ఉన్న చల్లటి సముద్రాల నుంచి జతకట్టడానికి, పిల్లలను కనడానికి ఈ తీరానికి వస్తాయి. సెప్టెంబరు నెలాఖరులో ఆ ఊరివారు వాటి పేరిట పండుగ చేస్తారు. కొన్నేళ్ళలో మన దసరా సెలవులు సరిగ్గా ఆ రోజులకే కలిసి వస్తాయి కనుక, పిల్లల బడి పోకుండా హైదరాబాదు నుంచి వెళ్ళి రాగల విదేశ యాత్రల్లో ఇది ఒకటి. మా అత్తయ్య మాత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడి బయలుదేరి, సద్దుల నాటికి ఇల్లు చేరేలా టికెట్లు తీశాకే రావడానికి ఒప్పుకున్నారు. పండుగ కోసం వెళ్ళాలా, తిమింగలాల కోసం వెళ్ళాలా అని ఎవరైనా అడిగితే, తిమింగలాల కోసం వెళ్ళి పండుగను ఒక పూట చూసి రమ్మనే చెప్తాను.

హైదరాబాదు నుంచి కేప్‌టౌన్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, ఆడిస్ అబాబా వంటి చోట్ల మారవలసి ఉంటుంది. పెద్దవారు వెంట ఉంటే ధర కాస్త ఎక్కువైనా మధ్యలో ఎదురుచూపు తక్కువగా ఉన్న మార్గమే నయం. వీసా ముందే తీసుకోవాలి, పిల్లల జనన ధ్రువపత్రాలు దగ్గర ఉంచుకోవాలి. నగరంలోని ఒక ట్రావెల్ ఏజెంటు మాకు కేప్‌టౌన్‌లోనే బస, పండుగకు మాత్రం పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం అనే ప్యాకేజీని గట్టిగా సిఫారసు చేశాడు. ఆ ఏర్పాటు ఎవరికీ మంచిది కాదు. తిమింగలం ఊపిరి వదిలినప్పుడు లేచే నీటి తుంపర గాలి లేని ఉదయం వేళల్లో స్పష్టంగా కనిపిస్తుంది. గాలి పెరిగి సముద్రమంతా తెల్లటి నురగ లేచిందంటే ఏది అలో, ఏది తుంపరో పోల్చుకోవడం కష్టం. పైగా పండుగ రోజుల్లో ఊళ్ళోకి వచ్చే దారి పది గంటలకల్లా కార్లతో నిండిపోతుంది కాబట్టి, పొద్దున బయలుదేరి వచ్చినవారికి మిగిలేది పార్కింగు కోసం తిరగడమే.

ఊరికి రైలు లేదు, బస్సుల మీద ఆధారపడలేము. కారు అద్దెకు తీసుకోవడమే మార్గం. అక్కడా మనలాగే ఎడమవైపు నడపడం వల్ల మావారికి మొదటి గంటలోనే చేయి తిరిగింది. ఎన్‌2 రహదారి మీద సర్ లోరీస్ పాస్ కనుమ దాటి వెళ్తే గంటన్నర ప్రయాణం. గోర్డన్స్ బే నుంచి సముద్రాన్ని ఆనుకుని సాగే క్లారెన్స్ డ్రైవ్ చుట్టుదారి అయినా, ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క నీలి సముద్రం ఉండే ఆ దారినే వెళ్తూనో వస్తూనో ఒకసారి చూడవలసిందే.

బస విషయంలో కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే యాత్ర మంచిచెడ్డలు చాలావరకు అక్కడే తేలిపోయాయి. పాత హార్బరు, మార్కెట్ స్క్వేర్ చుట్టూ ఉన్న గెస్ట్‌హౌసుల్లో దిగితే అన్నీ నడక దూరంలోనే ఉంటాయి, కానీ పండుగ రోజుల్లో అద్దెలు బాగా పెరుగుతాయి, రాత్రి పొద్దుపోయేదాకా పాటల హోరు తప్పదు. తూర్పున గ్రాటో బీచ్ వైపు ఉన్న ఇళ్ళు ప్రశాంతంగా ఉంటాయి గానీ ప్రతి పనికీ కారు తీయాలి. మేము మొదట దిగిన గెస్ట్‌హౌసు ప్రకటనలో సముద్రం కనిపించే గది అని రాసి ఉంది. తీరా చూస్తే స్నానాలగది కిటికీ దగ్గర నిలబడి మెడ సాచితే రెండు పైకప్పుల మధ్య బెత్తెడు నీలం కనిపించింది. అడిగితే యజమానురాలు చాలా మర్యాదగా, అది కూడా సముద్రమే కదా అన్నారు. అల్పాహారంలో గుడ్లు, మాంసం తప్ప మిగిలినవి రొట్టె, పండ్లు మాత్రమే కావడంతో అత్తయ్యకు ఇబ్బంది అయింది.

తర్వాత ఊరి మధ్యకూ బీచ్‌కూ నడుమ, క్లిఫ్ పాత్ అనే సముద్రపు ఒడ్డు కాలిబాట దగ్గర వంటగది ఉన్న ఫ్లాటుకు మారాము. శాకాహారులకు, చిన్నపిల్లలు ఉన్నవారికి ఇదే సరైన ఏర్పాటు. సూపర్ మార్కెట్లలో బియ్యం, పప్పులు, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. ఆ దేశంలోని డర్బన్ నగరంలో స్థిరపడిన భారతీయుల పుణ్యమా అని మసాలా పొడులకూ కొదువ లేదు. ప్లగ్గుల గురించి ఎక్కడా సరిగ్గా చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: అక్కడి గోడ సాకెట్లలో చాలావరకు మన ఇళ్ళలో గీజరుకూ ఏసీకీ వాడే మూడు లావు గుండ్రటి పిన్నుల రకమే. మన మామూలు చిన్న ప్లగ్గు అందులో నిలవదు కనుక పెద్ద పిన్నుల అడాప్టరు ఒకటి ఇక్కడి ఎలక్ట్రికల్ దుకాణంలోనే కొనుక్కుని వెళ్తే చాలు. అక్కడి డబ్బు ర్యాండు విలువ సుమారు 5 రూపాయలు కావడంతో సరుకులు, పెట్రోలు మరీ భారమనిపించలేదు.

పండుగ సంగతికి వస్తే, అది తిమింగలాల పేరున జరిగే జాతర. వీధుల్లో ఊరేగింపు, పాత కార్ల ప్రదర్శన, చేతిపనుల దుకాణాలు, సంగీత వేదికలు, తిండి దుకాణాలు అన్నీ ఉంటాయి. వీటిలో సగం ఏ ఊరి పండుగలోనైనా ఉండేవే. సమోసాలు మాత్రం మన పాతబస్తీ లుఖ్మీలను గుర్తుచేసేంత రుచిగా ఉన్నాయి. హెర్మనస్‌కే ప్రత్యేకమైనవాడు వేల్ క్రయర్: కెల్ప్ అనే సముద్రపు నాచు కాడను ఎండబెట్టి చేసిన పొడవాటి బూర ఊదుతూ, తిమింగలం ఏ వైపు కనిపించిందో ఊరికి చాటే దండోరా మనిషి. మా పిల్లలు ఊరేగింపు వదిలేసి అతని వెనకాలే తిరిగారు.

సముద్ర పర్యావరణానికి కేటాయించిన గుడారం నాకు పండుగ మొత్తంలో బాగా నచ్చింది. అక్కడ బలీన్ పలకను చేత్తో తాకనిచ్చారు. ఈ జాతికి పళ్ళు ఉండవు. నోటిలో రెండు మీటర్లకు పైగా పెరిగే ఇలాంటి పలకలు వరుసగా వేలాడుతూ ఉంటాయి. ఒక అంచు గోరులా నున్నగా, రెండో అంచు చీపురు కుచ్చులా పీచుపీచుగా ఉంది. నీటిని ఈ పీచు గుండా వడకట్టి క్రిల్ వంటి చిన్న జీవులను తింటాయి. ప్రిటోరియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1979 నుంచి ఏటా హెలికాప్టరులో తీరం వెంబడి తిరిగి వీటిని లెక్కిస్తున్నారు. తల మీద గరుకుగా, తెల్లగా కనిపించే మచ్చల అమరిక ఒక్కోదానికీ ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి ఏ తల్లి ఏ ఏడు వచ్చిందో గుర్తుపట్టగలరు. ఒకప్పుడు మూడేళ్ళకొకసారి ఈనే తల్లులు ఇప్పుడు నాలుగైదేళ్ళకు గానీ ఈనడం లేదనీ, దక్షిణ సముద్రంలో ఆహారం దొరికే తీరు మారడమే దీనికి కారణమనీ ఆ లెక్కల ఆధారంగానే భావిస్తున్నారు. తీరానికి దగ్గరగా నెమ్మదిగా ఈదడం, చచ్చాక నీటిపై తేలడం వల్ల వేటగాళ్ళకు సులువుగా చిక్కి దాదాపు అంతరించిపోయిన ఈ జాతికి 1935 నుంచి అంతర్జాతీయ రక్షణ ఉంది.

ఇక అసలు దర్శనం క్లిఫ్ పాత్ మీదే. కొత్త హార్బరు నుంచి గ్రాటో బీచ్ వైపు, రాతి అంచు వెంట దాదాపు 12 కిలోమీటర్లు సాగే కాలిబాట ఇది. టికెట్టు లేదు, దారి పొడవునా బెంచీలు ఉన్నాయి. మొత్తం నడవనక్కరలేదు. గేరింగ్స్ పాయింట్ దగ్గర జనం ఎక్కువ, అక్కడి నుంచి తూర్పుగా వెళ్ళేకొద్దీ పలచబడతారు. మేము ఒక బెంచీ చూసుకుని కూర్చున్న కాసేపటికి అత్తయ్య, "ఓ పిల్లా, గది రాయి కాదే, కదులుతుంది సూడు" అన్నారు. నల్లటి వీపు, దానిపై రెక్క లేదు. కొంతసేపటికి వి ఆకారంలో రెండు పాయలుగా తుంపర లేచింది, ఆ తర్వాత క్షణానికి చప్పుడు చెవికి చేరింది. సిటీ బస్సు కంటే పొడవైన ప్రాణి, పక్కన బూడిద రంగు పిల్ల. పిల్ల తల్లి వీపు మీదికి ఎక్కబోవడం, జారడం, మళ్ళీ ఎక్కబోవడం. తల్లి మాత్రం దుంగలా కదలకుండా పడి ఉంది. ఇక్కడ ఉన్నన్ని నెలలూ తల్లులు దాదాపు ఏమీ తినవు, ఒంట్లోని కొవ్వుతోనే పిల్లకు పాలిస్తూ నెట్టుకొస్తాయి కనుక శక్తిని అలా దాచుకుంటాయి. ఎగిరి దూకే విన్యాసం కోసమే ఎదురుచూసేవారు నిరాశ పడవచ్చు. మాకు అది ఒకసారే, అదీ దూరంగా కనిపించింది.

బోటు ఎక్కాలా అన్నదానికి నా జవాబు, పిల్లలకు సరదా అయితే ఎక్కండి, చూడటానికే అయితే అవసరం లేదు. మామూలు పడవలు తిమింగలానికి 300 మీటర్ల దూరంలోనే ఆగాలి. అనుమతి ఉన్న బోట్లు 50 మీటర్ల వరకు వెళ్ళవచ్చు. రాతి అంచున నిలబడిన మనిషికి ఆ నిబంధన లేదు, పైగా అక్కడ ఒడ్డు పక్కనే నీరు లోతుగా ఉండటం వల్ల తల్లులు ఇంకా దగ్గరికి వస్తాయి. మేము ఎక్కిన బోటు సిబ్బంది వివరంగా చెప్పారు, లైఫ్ జాకెట్లు సరిగ్గా కట్టారు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కానీ అలల ఊపుకు సగం మంది తల వాల్చేసి కూర్చున్నారు. కడుపు తిప్పే స్వభావం ఉన్నవారు మాత్ర వేసుకునే ఎక్కాలి. సెప్టెంబరులో అక్కడ వసంతకాలమైనా గాలి కోస్తుంది. స్వెట్టరు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. చీకటి పడ్డాక ఆ కాలిబాట మీద తిరగవద్దని ఊళ్ళో అందరూ చెప్పారు, వినడమే మంచిది.

అత్తయ్యకు తిమింగలాల తర్వాత నచ్చింది ఫర్న్‌క్లూఫ్ కొండ మీది ఫైన్‌బోస్ అనే అక్కడి పొదల పూలు. బతుకమ్మకు ఎంత బాగుంటాయోనని ముచ్చటపడ్డారు గానీ, అది రక్షిత ప్రాంతం, ఒక్క పువ్వు కూడా తెంపకూడదు. సమయం ఉన్నవారు అఖాతానికి అవతలి కొసన ఉన్న డి కెల్డర్స్‌కు ఒక ఉదయం వెళ్ళాలి. జనం బాగా తక్కువ, తల్లీపిల్లలు కొండ అంచు కిందే తిరుగుతూ కనిపిస్తాయి, బస కూడా హెర్మనస్ కంటే సులువుగా దొరుకుతుంది. దేశంలో తల్లీపిల్లలు అత్యధికంగా చేరే చోటు డి హూప్ అభయారణ్య తీరం. అయితే హెర్మనస్ నుంచి అక్కడికి రెండు గంటలకు పైగా ప్రయాణం, చివర మట్టిరోడ్డు, ఆపైన ఇసుక దిబ్బలు ఎక్కడం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో పెట్టుకోకూడదు. పండుగ సందడి అక్కరలేదనుకునేవారు అది ముగిసిన మరుసటి సోమవారం నుంచి గది తీసుకోవచ్చు: అద్దెలు తగ్గుతాయి, బెంచీలు ఖాళీగా ఉంటాయి, తిమింగలాలు అక్టోబరులోనూ అక్కడే ఉంటాయి.