పాత కమారోకి కార్బురేటరే ఉంచాలా, ఈఎఫ్‌ఐ పెట్టించాలా?

1969 షెవర్లే కమారో ఎస్‌ఎస్, పాతకాలం అమెరికన్ స్పోర్ట్స్ కారు. లోపల 350 క్యూబిక్ అంగుళాల వీ8, దాని నెత్తిన గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బురేటర్. అప్పట్లో షెవర్లే చెప్పుకున్న లెక్క 300 హార్స్‌పవర్. ఇలాంటి బండి కొన్నవాళ్లకి ఏడాది తిరక్కుండానే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "ఆ కార్బురేటర్ పీకేసి ఈఎఫ్‌ఐ పెట్టించు, పీడ వదిలిపోతుంది." వదిలిపోయేది నిజమే. దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చోదని మాత్రం ఎవరూ పూచీ పడరు.

ఈఎఫ్‌ఐ అంటే కంప్యూటర్ లెక్క చూసి పెట్రోల్ చిమ్మే ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్. ఆ పేరు వినగానే మనవాళ్లకి మారుతీ కార్ల వెనక రాసి ఉండే ఎంపీఎఫ్‌ఐ అక్షరాలు గుర్తొస్తాయి. అందులో ఒక్కో సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఒక్కోటి ఉంటుంది. హాలీ స్నైపర్, ఫైటెక్ లాంటి కిట్లు చాలావరకు ఆ కోవకి చెందవు. కార్బురేటర్ తీసేసిన చోటే బిగించే థ్రాటిల్ బాడీలు అవి. ఇంజెక్టర్లన్నీ అందులోనే ఉంటాయి. పెట్రోల్ మళ్లీ పాత మానిఫోల్డ్ దారుల్లోంచే ఎనిమిది సిలిండర్లకీ పోవాలి. చివరి సిలిండర్లకి ఇన్నాళ్లూ సరిగ్గా అందకపోతే, రేపూ అందదు.

పవర్ పెరుగుతుందనే ఆశ ఉంటే అది ఇక్కడే వదిలేయండి. ఫుల్ థ్రాటిల్‌లో, సరిగ్గా ట్యూన్ చేసిన కార్బురేటర్ దేనికీ తీసిపోదు. అమెరికాలో పేరున్న నాస్కార్ కప్ కారు రేసులు 2011 దాకా కార్బురేటర్లతోనే నడిచాయి, ఇంజెక్షన్ వచ్చింది 2012లో. చట్టం కోసం మార్చాలా అంటే అదీ లేదు. కాలిఫోర్నియాలో సైతం 1975, అంతకు ముందటి మోడళ్లకి స్మాగ్ (పొగ కాలుష్యం) తనిఖీ మినహాయింపు ఉంది.

మరి ఈఎఫ్‌ఐ ఎక్కడ నెగ్గుతుంది? డాలస్ నుంచి డెన్వర్ బయల్దేరారనుకోండి. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు, గాలి అక్కడ దాదాపు ఆరో వంతు పలచన. కార్బురేటర్‌లో జెట్ అంటే ఇత్తడి ముక్కకి వేసిన బెజ్జం. గాలి పలచబడిందని దానికి తెలియదు, తనమానాన తను పెట్రోల్ వదుల్తూనే ఉంటుంది. మిశ్రమం చిక్కబడి ప్లగ్గులు నల్లబడతాయి, బండి బరువెక్కినట్టు లాగుతుంది. ఈఎఫ్‌ఐకి మానిఫోల్డ్‌లో పీడనం కొలిచే సెన్సర్, గాలి వేడి చూసే సెన్సర్, సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. నడుస్తుండగానే అది లెక్క సరిచేసుకుంటుంది.

రెండోది వేడి. డాలస్ ఆగస్టులో హైవే మీద గంట నడిపి బంకులో పది నిమిషాలు ఆపితే, ఇంజిన్ వేడి పైకెక్కి కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ మరుగుతుంది. ఇప్పటి అమెరికా పెట్రోల్‌లో సాధారణంగా పది శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది, ఆ మరుగుడికి అదీ తోడవుతుంది. మరిగిన పెట్రోల్ కారి మానిఫోల్డ్‌లోకి దిగుతుంది. మళ్లీ తాళం తిప్పితే గుప్పున వాసన, స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుంటేగానీ అంటుకోదు. ఈఎఫ్‌ఐలో పెట్రోల్ 58 పీఎస్‌ఐ దాకా ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా ఆవిరి కాదు. చలికాలం పొద్దున్నే చోక్‌తో కుస్తీ పట్టక్కర్లేకపోవడం అదనపు లాభం.

కార్బురేటర్ గొప్పతనం, దాని రోగం కంటికి కనిపించడంలో ఉంది. తొక్కగానే బండి ఒక్క క్షణం తడబడుతోందా? ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, పైనుంచి గొంతులోకి చూస్తూ థ్రాటిల్ మీటని చేత్తో లాగండి. రెండు సన్నటి పెట్రోల్ ధారలు వెంటనే చిమ్మాలి. చిమ్మకపోతే యాక్సిలరేటర్ పంపు పోయింది. చిన్న రబ్బరు ముక్క, అరగంట పని. ధారలు బాగానే ఉన్నాయా? అయితే తప్పు దానిది కాదు. ప్లగ్గుల్లో నిప్పు పడే టైమింగ్ చూడండి, వాక్యూమ్ గొట్టాలు ఎక్కడైనా చిట్లాయేమో చూడండి. కార్బురేటర్ మీదికి నెట్టేసే నేరాల్లో చాలావాటికి అసలు దోషులు ఇవే. ఇవి సరిచేయకుండా ఈఎఫ్‌ఐ బిగిస్తే కొత్త తలనొప్పి: ఎగ్జాస్ట్ కీలు దగ్గర సన్నటి లీకున్నా బయటి గాలి లోపలికి పోతుంది, సెన్సర్ పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది.

అసలు ఖర్చు బండి వెనక భాగంలో ఉంటుంది, దీని గురించి అమ్మేవాడు మెల్లగా మాట్లాడతాడు. ఇంజిన్ పక్కనుండే పాత మెకానికల్ పంపు ఇచ్చే ఒత్తిడి ఐదు నుంచి ఏడు పీఎస్‌ఐ. 58కి పాత గొట్టాలు, వాటి క్లిప్పులు ఆగవు. ఊడితే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. ఇంజెక్షన్ కోసం చేసిన గొట్టాలే వేయాలి. చాలా కిట్లకి ట్యాంకులోకి తిరుగు గొట్టం కూడా కావాలి.

ఇక పంపు. డబ్బు మిగుల్తుందని కొందరు దాన్ని బయట, ఫ్రేము మీద బిగిస్తారు. అది తోయడంలో దిట్టేగానీ పీల్చడంలో కాదు. ఎండలో వేడెక్కి రొద పెడుతుంది, ముందుగానే పోతుంది. పాత ట్యాంకుల్లో పెట్రోల్‌ని పంపు దగ్గరే నిలిపి ఉంచే ఏర్పాటూ ఉండదు. పావు ట్యాంకుతో గట్టిగా మలుపు తిప్పితే పెట్రోల్ ఒక పక్కకి పోతుంది. కార్బురేటర్ అయితే గిన్నెలో ఉన్నదాంతో ఆ రెండు క్షణాలూ నెట్టుకొస్తుంది. ఇంజెక్షన్‌కి ఆ నిల్వ లేదు. పంపు గాలి మింగిందంటే ఇంజిన్ అక్కడికక్కడే తడబడుతుంది. లోపలే పంపు ఉన్న కొత్త ట్యాంకు కొనడం నా లెక్కలో తప్పనిసరి. కంప్యూటర్ కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోవాలి, ఇగ్నిషన్ వైర్లకి దూరంగా ఉంచాలి. లేకపోతే ఆ వైర్ల నుంచి వచ్చే విద్యుత్ అలజడికి కంప్యూటర్ పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తుంది. కిట్ ఒక్కటే వెయ్యి డాలర్ల పైమాట, ఇవన్నీ కలిస్తే దాదాపు రెట్టింపు.

నా ఓటు ఇలా: ఆదివారం కార్ల మీట్‌కి వెళ్లి ఇంటికి తెచ్చుకునే బండైతే కార్బురేటర్‌ని బాగుచేయించండి. మిగిలిన డబ్బుతో బ్రేకులు మార్చుకోవచ్చు. కొండలెక్కి, రాష్ట్రాలు దాటి తిరిగేవాళ్లయితే ఈఎఫ్‌ఐ, అదీ ట్యాంకుతో సహా. బయటి పంపుతో సగంలో ఆపే పద్ధతి మాత్రం రెండిటికన్నా అధ్వానం, ఆ బడ్జెట్టే ఉంటే పాతదానితోనే ఉండండి. ఒక్కో సిలిండర్‌కి ఇంజెక్టర్ ఉండే పోర్ట్ ఇంజెక్షన్ అన్నిటికన్నా మంచిదే, కానీ మానిఫోల్డ్ మార్చాలి. ఆ దాకా వచ్చాక చాలామంది కొత్త ఎల్‌ఎస్ ఇంజిన్ (జనరల్ మోటార్స్ వాళ్ల తర్వాతి తరం వీ8) వేపు చూడ్డం మొదలెడతారు, అది వేరే రోగం.

ఏది చేసినా పాత క్వాడ్రాజెట్‌ని పారేయకండి. దాని మీద చెక్కిన నంబరు మీ బండి మోడల్‌కి సరిపోయేదే అయితే, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేవాటిలో అదొకటి.