లాన్ పోర్టు లేని ల్యాప్‌టాప్‌కు గిగాబిట్ అడాప్టరు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో సుమారు వెయ్యి రూపాయలకు దొరికిన ఈ యూఎస్‌బీ-సీ అడాప్టరు చేసే పని ఒక్కటే: లాన్ పోర్టు లేని పల్చటి ల్యాప్‌టాప్‌కు నెట్‌వర్క్ కేబుల్ తగిలించుకొనే వీలు కల్పించడం. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ ఆ పోర్టు లేకుండా వచ్చింది. తరువాత సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు అదే దారి పట్టాయి.

మా ఇంట్లో రౌటరు వీధి గదిలో ఉంటే, నేను పనిచేసుకొనేది పెరటి వైపు గదిలో. మధ్యనున్నవి కోట పరిసరాల్లోని పాత ఇళ్లకుండే మందపాటి గోడలు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సంకేతం వాటిని దాటేసరికి బాగా నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దాటుతుంది గానీ, అందులో ఒకదానితో ఒకటి కలబడని చానళ్లు 1, 6, 11 మాత్రమే కావడంతో వీధిలోని రౌటర్లన్నీ వాటికోసమే పోటీపడతాయి. కేబుల్‌కు ఈ బాధ లేదు. పంపడం, అందుకోవడం రెండూ ఒకేసారి సాగుతాయి, గిగాబిట్ వేగం, అంటే 1000 ఎంబీపీఎస్, 100 మీటర్ల వరకు అందుతుంది. అడాప్టరు పెట్టాక వీడియో సమావేశాల్లో మాట తెగిపోవడం ఆగింది.

అయితే ఇంటర్నెట్ వేగం పెరుగుతుందని ఆశించకూడదు. 100 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నవారికి గిగాబిట్ అడాప్టరు పెట్టినా వచ్చేది ఆ 100 మాత్రమే. దక్కే లాభమల్లా నిలకడ, ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైళ్లు త్వరగా కాపీ కావడం. కొనేటప్పుడు పెట్టెమీద 10/100/1000 అని, యూఎస్‌బీ 3.0 అని ఉన్నాయో లేదో చూసుకోవాలి. యూఎస్‌బీ 2.0 పరిమితి 480 ఎంబీపీఎస్ కనుక, దానితో గిగాబిట్ పూర్తిగా అందదు.

వైర్‌లెస్ వచ్చి వైరును తొలగిస్తుందా అన్న ప్రశ్నకు నా సమాధానం సగం అవును. ల్యాప్‌టాప్ పక్కనున్న పోర్టు తిరిగి వస్తుందని నేను అనుకోను, దానికోసం బరువైన యంత్రం మోయాలనీ లేదు. కానీ ఇళ్లలోని వైఫై రౌటర్లలో ఎక్కువ భాగం ఇంటిదాకా వచ్చే ఫైబరు కేబుల్ మీదే ఆధారపడి ఉన్నాయి కనుక, వైరు పోయిందనుకోవడం కంటే ల్యాప్‌టాప్ దగ్గర నుంచి గోడ దాకా వెనక్కి జరిగిందనుకోవడం సబబు.

ఈ అడాప్టరు కొంచెం వేడెక్కుతుంది. చిన్న తోకవైరు ఉన్న రకం కావడం మంచిదైంది. నేరుగా గుచ్చే రకమైతే కేబుల్ బరువంతా యూఎస్‌బీ పోర్టు మీద పడుతుంది. మేడ మీదికి బయటి గోడ వెంట రాగి కేబుల్ లాగినవారు వేసవి ఉరుముల సమయంలో దాన్ని ఊడదీసి ఉంచాలి. రౌటరున్న గదిలోనే కూర్చొని పనిచేసేవారికి మాత్రం ఈ వెయ్యి రూపాయలు దండగే.