కంచె వేసిన రాళ్లు, చేత్తో మెత్తిన మట్టి

పాత కట్టడాన్ని అధికారుల చేతిలో పెట్టాలా, ఊరి చేతిలోనా? నా ఓటు ఊరికే.

ఆఫ్రికా దేశమైన జింబాబ్వేలోని పాత రాతి నగరం గ్రేట్ జింబాబ్వేలో సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు 11 మీటర్ల దాకా లేస్తాయి. 1902లో వలస పాలకుల తరఫున సంరక్షకుడిగా అక్కడికొచ్చిన రిచర్డ్ హాల్, స్థానిక షోనా జనం పూర్వీకుల ఆనవాళ్లున్న మట్టి పొరల్ని చెత్తలా తవ్వి పారేశాడు. తర్వాత అధికారుల కంచె పడింది. అక్కడే పెద్దలకు మొక్కుకునేవాళ్లు సొంత చోటికి బయటివాళ్లయ్యారు. గోడలు దక్కాయి, నిజమే. కానీ ఆ బాధ చిన్నది కాదు.

పశ్చిమ ఆఫ్రికా దేశం మాలీలో, జెన్నే ఊరి మసీదు పచ్చి మట్టి కట్టడం. వానకు పూత కరుగుతుంది కాబట్టి ఏటా ఊరంతా కదులుతుంది. ఆడవాళ్లు నీళ్లు మోస్తారు. కుర్రాళ్లు ఊక కలిపి నానబెట్టిన మట్టిని తట్టల్లో పరుగున అందిస్తారు. మేస్త్రీలు గోడలోంచి పొడుచుకొచ్చిన తాటి దుంగల మీద నిలబడి అరచేత్తో మెత్తుతారు. పిల్లలు మోకాళ్ల దాకా బురదలో ఉండి చూస్తూనే పని నేర్చుకుంటారు.