దద్దుర్లా, తామరా?

రెండూ గుండ్రంగానే ఉంటాయి, రెండూ దురదే, అందుకే చాలామంది ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటారు. ముందు చూడాల్సింది అది ఎంతసేపు ఉంటోందన్నది. దద్దుర్లు ఉన్నట్టుండి లేస్తాయి. చేతి మీద ఉబ్బు చుట్టూ పెన్నుతో గీత గీసి పెట్టండి, మామూలుగా 24 గంటల్లోపే అది మచ్చయినా మిగల్చకుండా మాయమై ఇంకెక్కడో తేలుతుంది. తామర అలా కాదు, ఉన్నచోటే ఉండి రోజులు, వారాల తరబడి మెల్లగా వెడల్పవుతుంది.

తర్వాత వేలితో తడిమి చూడండి. దద్దురు నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు. ఛామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనిపించకపోయినా ఉబ్బు చేతికి తెలుస్తుంది. తామరకి అంచు గరుకుగా, పొట్టు లేస్తూ ఉంటుంది, మధ్యలో కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఇది ఫంగస్, టవల్ పంచుకున్నా అంటుకోవచ్చు. దద్దుర్లు అంటవు.

అసలు గొడవంతా ఆయింట్‌మెంట్ దగ్గరే. తామర మీద స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే దురద తగ్గి హమ్మయ్య అనిపిస్తుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతూనే ఉంటుంది, పైగా ఆ గుండ్రటి ఆకారం చెదిరిపోయి డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. తామరకి యాంటీఫంగల్, అంటే ఫంగస్‌ మీద పనిచేసే మందు కావాలి. దద్దుర్లకి చాలాసార్లు సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్ (అలర్జీ మందు) సరిపోతుంది, కానీ పెదాలో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి.